అటునుండి ఇటు వచ్చిన వైద్యురాలు – డాక్టర్ కుగ్లర్ దొరసానిగారి జీవితము

మా మన్ననూరు నల్లమల అడవి వాకిట నున్న చిన్న ఊరు. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు దారిలో అటవీశాఖవారి చెక్‌పోస్టు ఇక్కడనే ఉన్నది. ఇటీవల మా జిల్లా పిల్లలకు వైద్యవిద్య దగ్గరైనది. 2022లో నాగర్‌కర్నూలులోను, వనపర్తిలోను ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ప్రారంభమైనవి. సీటు వచ్చిన పిల్లవానికొరకు గుడిలో కృతజ్ఞతా ప్రార్థన జరుగుతుంది. వాడు చదువు ముగించకముందే ఇంటిలో రెండవ ప్రశ్న పుడుతుంది. అమెరికాయా, ఇంగ్లాండా, లేక ఇక్కడేనా? ఈ ప్రశ్నకు అటువైపు నుండి జవాబు చెప్పిన ఒక వైద్యురాలి జీవితమును ఈ శతవార్షిక సంచికలో వ్రాయుట తగునని తలంచినాము. ఆమె పనిచేసిన గుంటూరు మాకు మరీ పరాయిది కాదు. శ్రీశైలమువద్ద కృష్ణ దాటి, దోర్నాల, వినుకొండ, నరసరావుపేట మీదుగా పోతే ఆ పట్టణము చేరుతాము.

అన్నా సారా కుగ్లర్‌గారు 1856వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించారు. లూథరన్ కుటుంబము. ఆ కాలమున ఆడపిల్ల డాక్టరు కావడము అమెరికాలో కూడ వింతే. ఆడవారిని చేర్చుకొను వైద్యకళాశాలలు బహు కొద్ది. వానిలో పేరెన్నికగన్నది ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాల. మిషనరీ డాక్టరుగా ఇండియాకు వచ్చిన మొదటి వైద్యురాలు క్లారా స్వెయిన్‌గారు అక్కడ చదివినవారే. ఆమె 1870లో బరేలీ చేరారు. కుగ్లర్‌గారు అదే కళాశాలలో 1879లో పట్టము పుచ్చుకొని, నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో స్త్రీల విభాగమునందు సహాయ వైద్యురాలుగా చేరారు. ఆ విభాగమునకు అధికారి కూడ ఒక స్త్రీయే, డాక్టర్ ఆలిస్ బెన్నెట్‌గారు. ఆనాడు అటువంటి ఉద్యోగము దొరికిన వైద్యురాలు దానిని వదలుకొనుట సామాన్య విషయము కాదు. దేశములో దారి లేక పరదేశము వచ్చినవారు కారు ఈమె.

1882లో గుంటూరులోని మిషనరీ రో అయ్యగారి వద్దనుండి ఆమెకు ఉత్తరము వచ్చింది. ఇక్కడి స్త్రీలకు వైద్యురాలు కావలెనని దాని సారాంశము. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరులో అడుగుపెట్టి అప్పటికి నలువది ఏండ్లు. బడులు లేచినవి, సంఘములు లేచినవి. కాని ఘోషాలో నుండే స్త్రీ రోగము వస్తే మగ డాక్టరుకు చేయి చూపదు. కాన్పు కష్టమైతే మంత్రసానియే గతి, ఆమెవల్ల కాకపోతే అంతే. కుగ్లర్‌గారు తమ సంఘపు స్త్రీల మిషనరీ సమాజమునకు దరఖాస్తు పెట్టుకున్నారు.

ఇక్కడొక సంగతి చెప్పవలసి ఉన్నది. మన సంచికలలో సాధారణముగా దీనిని వదలివేస్తారు. వైద్యసేవ మొదలుపెట్టుటకు సమాజము అప్పటికి సిద్ధపడలేదు. ఆమెను డాక్టరుగా పంపలేదు. బాలికల బడులకు, ఇండ్లలో స్త్రీలకు బోధించు పనికి పంపారు. చదివిన చదువును పక్కన పెట్టి వెళ్లవలెనా, ఉన్న ఉద్యోగములో ఉండవలెనా? దేశమును ఎంచుకొనుటకన్న ఇది కష్టమైన ఎంపిక అని మా అభిప్రాయము. దేశము మారినా తన పని తనకుంటే మనిషి నిలుస్తాడు. పనికే హామీ లేకుండా ఆమె బయలుదేరారు. మందులు, పనిముట్లు మాత్రము వెంట తెచ్చుకున్నారు. 1883 ఆగస్టులో ఓడ ఎక్కి, నవంబరు 29న గుంటూరు చేరారు.

ఆ 1883లోనే మరొక స్త్రీ ఎదురుదారిలో ప్రయాణము చేసింది. మహారాష్ట్రమునకు చెందిన ఆనందీబాయి జోషిగారు కలకత్తాలో ఓడ ఎక్కి, కుగ్లర్‌గారు చదివిన ఆ ఫిలడెల్ఫియా కళాశాలలోనే చేరారు. 1886లో పట్టము పొంది, అక్కడ నిలువక స్వదేశము తిరిగి వచ్చారు. కొల్హాపూరు ఆసుపత్రిలో స్త్రీల విభాగము ఆమెకు ఇచ్చారు. ఆ పని సాగకముందే, 1887 ఫిబ్రవరిలో, ఇరువది రెండేండ్లు నిండకుండానే క్షయవ్యాధితో మరణించారు.

గుంటూరులో మొదటి రోజులు కుగ్లర్‌గారికి సుఖముగా జరుగలేదు. బడుల పని చూస్తూనే, పిలిచిన ఇండ్లకు పోయి వైద్యము చేసేవారు. కొన్ని అగ్రవర్ణ గృహములలో ఆమె తాకుడు మైల. ఆమె చేతి మందు పుచ్చుకొనుటకు జంకేవారు. అయినను రోగులు వచ్చారు. మొదటి సంవత్సరములోనే వందలమందిని ఆమె చూచారు. పని తన్నుతాను రుజువు చేసుకొన్నది. 1885 చివరలో సమాజమువారు ఆమెను వైద్య మిషనరీగా నియమించారు. మరుసటి సంవత్సరము గుంటూరులో చిన్న డిస్పెన్సరీ తెరిచారు.

1889లో సెలవుపై అమెరికా వెళ్లారు. ఊరి మనుషులు, సొంత భాష, చల్లని గాలి. ఉండిపోవుటకు కారణములు కావలసినన్ని. ఆమె ఆ సెలవును ఆసుపత్రికి చందాలు పోగుచేయుటలో గడిపి 1891లో తిరిగి వచ్చారు. మొదట డిస్పెన్సరీ కట్టడము లేచింది. 1897 జూన్ 23న ఏబది పడకల ఆసుపత్రి ప్రారంభమైనది. నర్సు క్యాథరిన్ ఫాస్‌గారు, డాక్టర్ మేరీ బేయర్‌గారు అప్పటికే వచ్చి తోడైనారు. తెలుగు బాలికలకు నర్సింగు శిక్షణ మొదలైనది. ఒక డాక్టరు దేశము మారి వచ్చినంత మాత్రమున ఆ దేశమునకు వైద్యము రాదు. చేతిలోని పని మరొక చేతికి అందవలెను. ఆ శిక్షణను మేము ఆసుపత్రి గోడలకన్న గొప్పదిగా ఎంచుతాము. తరువాత బేయర్‌గారు చీరాలలో ఆసుపత్రి నెలకొల్పారు.

మైల అని జంకిన ఊరు క్రమముగా మారింది. తన కుటుంబమునకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారు రోగుల బంధువులకొరకు ఆసుపత్రివద్ద సత్రము కట్టించారు. కులాచారము చెడకుండా వండుకొని తినుటకు వీలు కల్పించినందున, దూరపు ఊళ్ల హిందూ కుటుంబములు ధైర్యముగా రాసాగినవి. ప్రభుత్వము 1905లో కైజర్-ఇ-హింద్ పతకము ఇచ్చి, 1917లో మరల గౌరవించింది.

వెళ్లినవారిని నిందించుటకు ఈ కథ చెప్పుట లేదు. భీమవరములో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి 1923లో బోస్టన్ వెళ్లారు. మరల తిరిగి రాలేదు. భార్యను ఇక చూడనేలేదు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. కాని ఆయన బృందము అక్కడ కనిపెట్టిన బోదకాలు మందు మన ఊళ్లలో ఇంటింటికి పంచబడినది. ఫోలిక్ ఆమ్లపు మాత్ర ప్రతి గర్భిణి చేతికి వస్తున్నది. ఆయన భీమవరములో డిస్పెన్సరీ పెట్టుకుంటే ఇది జరిగేది కాదు. ఆయన పనికి కావలసిన ప్రయోగశాల అక్కడ ఉన్నది. కుగ్లర్‌గారి పనికి కావలసిన రోగి ఇక్కడ ఉన్నది. మరొక విచిత్రము. శిక్షణకు ఒక తరహా వీసాపై అమెరికా వెళ్లిన డాక్టర్లు అది ముగిసిన తరువాత రెండేండ్లు స్వదేశములో ఉండవలెను, లేదా మినహాయింపు పొంది డాక్టర్లు కరువైన అక్కడి ప్రాంతములలో మూడేండ్లు పనిచేయవలెను. అచ్చంపేట దాటి అడవివైపు రానొల్లని మనవారు కొందరు అక్కడి మారుమూల పల్లెలలో వైద్యము చేయుచున్నారు. అక్కడ కూడ రోగులు రోగులే గదా.

కుగ్లర్‌గారు నలువది ఏడేండ్లలో సెలవులపై పోయిన ప్రతిసారి తిరిగి వచ్చారు. ఆసుపత్రి చరిత్రను తామే గ్రంథముగా వ్రాసి 1928లో ప్రకటించారు. 1930 జూలై 26న గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది.