వివియన్ లీ

వివియన్ లీ (నవంబరు 5, 1913 – జూలై 8, 1967) సుప్రసిద్ధ బ్రిటిష్ రంగస్థల, చలనచిత్ర నటి. గాన్ విత్ ద విండ్ (1939), ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్ (1951) చిత్రాలలో నటనకు రెండు పర్యాయాలు ఉత్తమ నటిగా ఆస్కార్ పురస్కారం పొందింది. అందగత్తెగా వచ్చిన పేరు ఆమెకు తొలి అవకాశాలను తెచ్చిపెట్టింది. సమర్థురాలైన నటిగా గుర్తింపు పొందడానికి అదే పేరు చాలాకాలం అడ్డుగా నిలిచింది.

బాల్యం, విద్యాభ్యాసం

ఈమె అసలు పేరు వివియన్ మేరీ హార్ట్లీ. బ్రిటిషు పాలనలోని భారతదేశంలో, బెంగాల్ ప్రెసిడెన్సీకి చెందిన డార్జిలింగ్‌లో జన్మించింది. తండ్రి ఎర్నెస్ట్ హార్ట్లీ కలకత్తాలో బ్రోకరుగా పనిచేసేవాడు. ఆరేళ్ళ వయసులో ఆమెను లండను సమీపాన రోహాంప్టన్‌లోని కాన్వెంటు పాఠశాలలో చేర్చారు. తరువాతి కాలంలో హాలీవుడ్ నటిగా పేరొందిన మౌరీన్ ఓసల్లివన్ అక్కడ ఆమెకు సహాధ్యాయిని. ఐరోపాలోని పలు పాఠశాలలలో చదువు ముగించి, లండనులోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో నటన అభ్యసించింది. 1932లో న్యాయవాది హెర్బర్ట్ లీ హోల్మన్‌ను వివాహమాడడంతో శిక్షణకు అంతరాయం కలిగింది. 1933లో కుమార్తె జన్మించింది.

రంగస్థలంపై తొలి విజయం

1935లో థింగ్స్ ఆర్ లుకింగ్ అప్ చిత్రంలో చిన్న పాత్రతో వెండితెరకు పరిచయమైంది. భర్త పేరులోని లీని తన పేరుకు చేర్చుకున్నది. నిర్మాత అలెగ్జాండర్ కోర్డా మొదట ఆమెలో ప్రత్యేకత లేదని భావించి అవకాశమివ్వలేదు. అదే సంవత్సరం మే నెలలో ద మాస్క్ ఆఫ్ వర్చ్యూ నాటకం ఆమెకు రాత్రికి రాత్రే కీర్తి తెచ్చింది. ఆ ప్రదర్శన చూసిన కోర్డా ఆమెతో చలనచిత్ర ఒప్పందం చేసుకున్నాడు. అయితే నాటకాన్ని పెద్దదైన సెయింట్ జేమ్స్ థియేటరుకు మార్చినపుడు ఆమె గొంతు చివరి వరుసల వరకు వినిపించలేదు. నాటకం కొద్దికాలానికే ఆగిపోయింది. ఆ లోపాన్ని సరిదిద్దుకోవడానికి ఆమె తరువాత ఎంతో సాధన చేసింది.

1937లో ఫైర్ ఓవర్ ఇంగ్లండ్ చిత్రంలో లారెన్స్ ఒలీవియర్ సరసన నటించింది. అదే ఏడు డెన్మార్కులోని ఎల్సినోర్‌లో, ఓల్డ్ విక్ బృందం ప్రదర్శించిన హామ్లెట్ నాటకంలో ఒఫీలియా పాత్ర ధరించింది.

హాలీవుడ్

వుదరింగ్ హైట్స్ చిత్రంలో ఇసబెల్లా పాత్ర ఇస్తామన్నపుడు, అది ప్రధాన పాత్ర కాదని ఆమె నిరాకరించింది. హాలీవుడ్‌కు కొత్తగా వచ్చే నటికి అంతకన్నా మంచి పాత్ర దొరకదని దర్శకుడు విలియం వైలర్ హెచ్చరించాడు. కొద్దికాలానికే, 1938 డిసెంబరులో, అట్లాంటా నగరం తగలబడే దృశ్యం చిత్రీకరిస్తున్న సమయంలో ఆమెను నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్‌కు పరిచయం చేశారు. స్కార్లెట్ ఓహారా పాత్రకోసం దీర్ఘకాలం సాగిన అన్వేషణ ఆమెతో ముగిసింది. అమెరికా దక్షిణ ప్రాంతపు యువతిగా ఆంగ్లేయ నటిని ఎంపికచేయడంపై విమర్శలు వచ్చాయి. దర్శకుడు జార్జ్ క్యూకర్‌ను మధ్యలో తొలగించినా, ఆమె రహస్యంగా అతని సలహాలు తీసుకుంటూ నటించింది. 1940లో తొలి ఆస్కార్ లభించింది. అదే సంవత్సరం ఒలీవియర్‌ను వివాహమాడింది.

మళ్ళీ రంగస్థలం

సినిమా కీర్తితో తృప్తిపడక ఆమె పదేపదే నాటకరంగానికి వచ్చింది. 1940లో న్యూయార్కులో ఇద్దరూ కలసి ప్రదర్శించిన రోమియో అండ్ జూలియట్ విఫలమై వారి సొమ్ము కరిగిపోయింది. 1949లో లండనులో ఒలీవియర్ దర్శకత్వంలో ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్ నాటకంలో బ్లాంచ్ పాత్రను 326 సార్లు ప్రదర్శించింది. ఎలియా కజాన్ తీసిన చిత్రంలో అదే పాత్ర రెండవ ఆస్కార్ తెచ్చింది. అయినా, ఆమె స్థాయికి సరిపోయేలా ఒలీవియర్ తన నటనను తగ్గించుకుంటున్నాడని విమర్శకుడు కెనెత్ టైనన్ 1951లో రాశాడు.

అనారోగ్యం, చివరి రోజులు

ఆమెను 1940వ దశకం నుండి క్షయ, తీవ్ర మానసిక అస్వస్థత పీడించాయి. 1953లో సింహళంలో చిత్రీకరణ మొదలైన ఎలిఫెంట్ వాక్ చిత్రాన్ని అనారోగ్యంవలన వదులుకోగా, ఆ పాత్రను ఎలిజబెత్ టేలర్ పోషించింది. 1960లో ఒలీవియర్‌తో విడాకులయ్యాయి. తరువాత కూడా నటన మానలేదు. టోవారిచ్ సంగీత నాటకానికి 1963లో టోనీ పురస్కారం పొందింది. షిప్ ఆఫ్ ఫూల్స్ (1965) ఆమె చివరి చిత్రం. 1967 జూలైలో క్షయవ్యాధితో లండనులో మరణించింది. ఆ వార్త వెలువడిన రోజున మధ్య లండనులోని నాటకశాలలన్నీ గంటసేపు దీపాలు ఆర్పి ఆమెకు నివాళి అర్పించాయి.