సానరాతి పదార్థంలో వెలుగు చూసిన లోసెవ్

నేడు పల్లెటూరి పంచ మొదలు పట్టణ వీధి వరకు వెలుగునిస్తున్న ఎల్‌ఈడీ దీపానికి మూలపురుషులలో ఒకరు ఓలెగ్ వ్లాదిమిరోవిచ్ లోసెవ్. ఆయన 1903 మే 10న రష్యాలోని త్వేర్ పట్టణంలో జన్మించారు. బాల్యంలోనే రేడియోపై మక్కువ ఏర్పడింది. ఉన్నత విద్య అందలేదు. అయినను నిరుత్సాహపడక, నిజ్నీ నొవ్‌గొరొద్ రేడియో ప్రయోగశాలలో చిన్న ఉద్యోగిగా చేరారు. ఇరవై ఏండ్లు నిండక మునుపే, 1922లో, వాల్వుల అవసరం లేకుండా జింకైట్ స్ఫటికంతో రేడియో సంకేతాలను బలపరచి చూపారు.

మరుసటి ఏడు ఆయన దృష్టి కార్బోరండంపై పడింది. ఇది సిలికాన్, కర్బనముల సమ్మేళనం. సానచక్రాలలో వాడునది ఇదియే. లోహపు తీగ మొన తాకినచోట, విద్యుత్తు ప్రవహించగా, సన్నని వెలుగు కనిపించింది. 1907లోనే హెన్రీ రౌండ్ ఇట్టి వెలుగును గమనించి చిన్న లేఖగా ప్రచురించారు. అది మరుగున పడింది. లోసెవ్ మాత్రం విడువలేదు. ఈ వెలుగు వేడి వలన పుట్టినదా అన్న సందేహం తీర్చుకొనుటకు, త్వరగా ఆవిరయ్యే ద్రవపు చుక్కను మెరిసే స్ఫటికంపై ఉంచారు. చుక్క వెంటనే ఇంకిపోలేదు. కనుక అది చల్లని వెలుగని తేలింది. 1927లో ఆ ఫలితాలను ప్రచురించి, ఆ వెలుగుతో వార్తలు పంపు సాధనానికి పేటెంటు కోరారు.

గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 1938లో సిద్ధాంత వ్యాసం లేకుండానే శాస్త్ర పట్టం లభించింది. పిమ్మట యుద్ధం వచ్చింది. 1941 సెప్టెంబరులో లెనిన్‌గ్రాద్ ముట్టడిలో చిక్కుకున్నది. ఆ శీతకాలంలో పలువురికి రోజుకు దక్కిన రొట్టె 125 గ్రాములే. 1942 జనవరి 22న లోసెవ్ ఆకలితో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 38 ఏండ్లు.

1962లో నిక్ హొలొన్యాక్ ఎర్రని ఎల్‌ఈడీని చేశారు. 1990లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు కర్బన పాలిమర్‌ను వెలిగించారు. అయితే గాలిలోని ప్రాణవాయువు, తేమ తగిలిన ఇట్టి కర్బన దీపములు త్వరగా చెడును. అందుచేత వాటిని గాలి చొరకుండా మూయవలసి వచ్చింది. గాలికి తట్టుకొను దీపములకై కర్బన నానో పదార్థాలపై పరిశోధన సాగుచున్నది. లోసెవ్ స్ఫటికం బయటి గాలిలోనే వెలిగింది. పెద్ద చదువు లేని యువకుడొకడు, పదిమంది చూసి వదిలేసేదానిని నిలిచి చూచుటయే ఈ దారికి మొదలు.