తుపాను గుర్తు ఎగరేసిన నావికుడు

మాది బందరు దగ్గర పల్లెటూరు. రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో వినగానే నాన్నమ్మ బియ్యం, అగ్గిపెట్టె అటక మీదికి చేర్చేది. 1977 దివిసీమ ఉప్పెనను చూసిన మనిషి ఆమె. ఇంగ్లండ్ వచ్చి ఇన్నేళ్లయినా, డ్యూటీకి వెళ్లే ముందు కాఫీ కలుపుకుంటూ బీబీసీ రేడియో 4లో ఓడల వాతావరణ సూచన వింటే నాకు ఆ అటకే గుర్తొస్తుంది. అందులో 31 సముద్ర ప్రాంతాల పేర్లు చదువుతారు. వాటిలో ఒక మనిషి పేరు పెట్టింది ఒక్కదానికే: ఫిట్జ్‌రాయ్. ఎవరాయన అని ఓ రోజు మా అమ్మాయి అడిగింది. నాకూ తెలియదు. అలా ఆయన జీవితం చదివాను.

రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ 1805లో సఫోక్‌లో పెద్దింట పుట్టారు. 12 ఏళ్లకే పోర్ట్స్‌మౌత్ నావికా కళాశాలలో చేరారు. 23 ఏళ్లకు బీగిల్ ఓడ పగ్గాలు అందుకున్నారు. 1831లో అదే ఓడలో ఆయన వెంట బయల్దేరిన యువకుడే చార్లెస్ డార్విన్. ఐదేళ్ల ఆ యాత్రతో డార్విన్‌కు లోకమంతా పేరొచ్చింది. ఫిట్జ్‌రాయ్ తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యారు. 1843లో న్యూజిలాండ్ గవర్నర్‌గా వెళ్లారు. భూముల గొడవల్లో మావోరీల పక్షం చూస్తున్నారని అక్కడి బ్రిటిష్ వలసదారులు మండిపడ్డారు. 1845లో ప్రభుత్వం ఆయన్ను వెనక్కి పిలిపించింది.

1854లో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఆయనకు ఓ చిన్న విభాగం అప్పగించింది. నేటి మెట్ ఆఫీసుకు అదే పునాది. ఓడల్లో రాసుకున్న గాలి, వాయుపీడనం, నీటి ఉష్ణోగ్రత వివరాలు పోగేసి పట్టికలు కట్టడం ఆ విభాగం పని. అన్ని ఓడలూ ఒకే తీరున కొలిస్తేనే ఆ అంకెలకు విలువ. అందుకే సరిచూసిన సాధనాలను కెప్టెన్లకు అరువిచ్చారు. బీద జాలరుల రేవుల్లో బారోమీటర్లు పెట్టించారు.

1859 అక్టోబరులో పెద్ద తుపాను వచ్చింది. మెల్‌బోర్న్ నుంచి లివర్‌పూల్ వస్తున్న రాయల్ చార్టర్ ఓడ వేల్స్‌లోని యాంగిల్‌సీ తీరంలో రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది. అంత దూరం క్షేమంగా వచ్చి, ఇల్లు చేరబోతూ సుమారు 450 మంది మునిగిపోయారు. తుపానుకన్నా తంతి వేగంగా వెళ్తుంది కదా అన్నది ఫిట్జ్‌రాయ్ ఆలోచన. తీరంలోని కేంద్రాలు రోజూ వాతావరణ వివరాలు లండన్‌కు తంతి కొట్టాలి. ప్రమాదం కనిపిస్తే లండన్ నుంచి రేవులకు తంతి వెళ్తుంది. అక్కడ స్తంభం మీద శంఖువు, డోలు ఆకారాలు ఎగరేస్తారు, రాత్రయితే దీపాలు కడతారు. 1861 ఫిబ్రవరిలో ఈ హెచ్చరికలు మొదలయ్యాయి. ఆగస్టు 1న టైమ్స్ పత్రికలో ప్రజల కోసం తొలి వాతావరణ సూచన అచ్చయింది. అది జోస్యం కాదని, లెక్క చూసి వేసే అంచనా అని చెప్పడానికే ఆయన ఫోర్‌కాస్ట్ అనే మాటను ఎంచుకున్నారు.

అంచనా తప్పిన రోజుల్లో పత్రికలు ఎగతాళి చేశాయి. దీనికి సిద్ధాంత బలం లేదని శాస్త్రవేత్తలు తప్పుపట్టారు. ఆరోగ్యం చెడింది, సొంత ఆస్తి కరిగిపోయింది, మనసు కుంగింది. 1865 ఏప్రిల్ 30న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. పరిణామవాదం విషయంలో దూరమైన డార్విన్ కూడా ఆయన కుటుంబం కోసం స్నేహితులు పోగుచేసిన నిధికి 100 పౌన్లు ఇచ్చారు.

తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీ ఆ సూచనల్లో శాస్త్రీయత లేదని తేల్చింది. 1866 చివర్లో తుపాను హెచ్చరికలు కూడా ఆగిపోయాయి. తీరంలోని జనం ఊరుకోలేదు. అంచనా కొన్నిసార్లు తప్పినా, అసలు హెచ్చరికే లేని సముద్రం మీదికి ఎలా వెళ్లాలన్నది వాళ్ల బాధ. 1867లో హెచ్చరికలు మళ్లీ మొదలయ్యాయి. 2002లో ఫినిస్టెర్ అనే సముద్ర ప్రాంతానికి ఆయన పేరు పెట్టారు.

చదువుతున్నంతసేపూ నాకు మా బందరే కళ్ల ముందు మెదిలింది. 1864 నవంబరు ఉప్పెనలో అక్కడ సుమారు 30 వేల మంది పోయారు. వాళ్లకు ముందుగా చెప్పే ఏర్పాటే లేదు. ఫిట్జ్‌రాయ్ పోయిన 1865లోనే కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సముద్రంలో తేలే బోయల నుంచి, ఉపగ్రహాల నుంచి వివరాలు తీసుకుని అలల ఎత్తు ఎంతో మన మత్స్యకారులకు ముందే చెబుతోంది. సాధనాలు మారినా పద్ధతి అదే. ఎవరో ఒకరు రోజూ కొలవాలి, రోజూ పంపాలి. తుపాను లేని ఏళ్లలో ఇదంతా దండగ ఖర్చులా కనిపిస్తుంది. అప్పుడు ఆపేస్తే, తుపాను వచ్చిన రోజున కొత్తగా మొదలుపెట్టలేం.

మొన్న అమ్మాయిని తీసుకుని లండన్‌లోని అప్పర్ నార్వుడ్ వెళ్లాను. ఆల్ సెయింట్స్ చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది. అక్కడ నిలబడి మా నాన్నమ్మ గురించి, ఆ అటక గురించి చెప్పాను. ఇప్పుడు పొద్దున్నే రేడియోలో ఆ పేరు వస్తే, సౌండ్ పెంచేది మా అమ్మాయే.