దొరకు రాసిన ఉత్తరం

ఫ్రెడరిక్ డగ్లస్ పేరు చానమంది విన్నదే. అమెరికాల బానిసత్వం మీద కొట్లాడినోడు. ఆయన ఉపన్యాసాల గురించి అందరు చెప్తరు. ఉత్తరాల ముచ్చట మాత్రం తక్కువమందికి ఎరుక.

1818ల మేరీలాండ్ రాష్ట్రంల బానిస తల్లికి పుట్టిండు. తల్లి వేరేకాడ పనిచేసేది, అమ్మమ్మ బెట్సీ బెయిలీ సాదింది. ఎనిమిదేండ్లప్పుడు బాల్టిమోర్ పంపిన్రు. ఆ ఇంటి దొరసాని సోఫియా అక్షరాలు నేర్పుడు షురూ జేస్తే, ఆమె మొగడు హ్యూ ఆల్డ్ బందు పెట్టిచ్చిండు. సదువొస్తే బానిస మన చేతుల ఉండడని ఆయన భయం. పిల్లగానికి గప్పుడే సమజైంది, తప్పిచ్చుకునే తొవ్వ ఏదో. గల్లీల తెల్లపోరగాళ్లకు రొట్టెముక్కలిచ్చి సదువు నేర్సుకున్నడు. ఓడలు కట్టేకాడ మొద్దుల మీది అక్షరాలు జూసి రాత పట్టుకున్నడు.

ఆ రాతను 1836ల పెద్ద పనికే వాడిండు. తనకు, దోస్తులకు దొర సెలవిచ్చినట్టు దొంగ చిట్టీలు రాసిండు, పారిపోదామని. సంగతి బయటవడ్డది, జైల్ల వేసిన్రు. తన చిట్టీని మంటల పడేసిండు, దోస్తు తనదాన్ని రొట్టెతోని కలిపి మింగిండు. రుజువు దొరకలే, పానం దక్కింది.

1838 సెప్టెంబరు 3న నావికుని బట్టలేసుకొని, ఇంకొకల కాయితం చేతవట్టుకొని రైలెక్కిండు. ఆనా మర్రే అనే ఆమె పైసల సాయం జేసింది. తర్వాత ఆమెనే పెండ్లి చేసుకున్నడు. ఇంత రాసే మనిషి ఇంట్ల ఆనాకు మాత్రం సదువు రాలే. ఆమె ఉత్తరాలు బిడ్డ రోజెట్టా రాసిపెట్టేది.

సరిగ్గ పదేండ్లకు, 1848ల, తన పాత దొర థామస్ ఆల్డ్‌కు ఉత్తరం రాసి, తన పేపరు నార్త్ స్టార్‌ల అచ్చేసిండు. నా అక్కచెల్లెండ్లు, తమ్ముడు ఏమైన్రని అడిగిండు. నీ బిడ్డను గిట్లనే ఎవడన్న ఎత్కపోతే నీకెట్లుంటదని నిలదీసిండు. ముసలి అమ్మమ్మను అడివిల సావనీకి వదిలేసినవని గూడ నింద మోపిండు. అయినా నీ మీద నాకు పగ లేదు, నా ఇంటికొస్తే భయపడేదేం లేదని రాసిండు.

అండ్ల ఒక మాట తప్పు. అమ్మమ్మను ఆల్డే తెచ్చుకొని సూస్కున్నడని తర్వాత తెలిసింది. 1849ల మళ్ల ఉత్తరం రాసి, అచ్చులనే, నేనన్నది తప్పని ఒప్పుకున్నడు. గట్ల ఒప్పుకునుడు సులువు గాదు. తనను సరుకోలె సూసిన మనిషికి రాసే ఉత్తరం అది. ఒక్క తప్పు ఒప్పుకుంటే బానిసత్వం మీద తన పోరాటమే తేలికైతదని ఆయన అనుకోలే.

1864ల రాష్ట్రపతి లింకన్‌కు గూడ ఉత్తరం రాసిండు, దక్షిణాన ఉన్న బానిసలను ఎట్ల బయటికి తేవాల్నో చెప్పుకుంట. 1877ల థామస్ ఆల్డ్ మంచంల పడ్డప్పుడు పోయి కలిసిండు. దొర చేతులు వణుకుతున్నయట. 1895 ఫిబ్రవరి 20న డగ్లస్ సచ్చిపోయిండు.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, మనకు ఫోన్ల రాసుడు అలకన. పెద్దోళ్లను పేరు పెట్టి అడుగుర్రి, అడగాల్సిందే. మన మాట తప్పైతే, ఏడ రాసినమో ఆడనే దిద్దుకుందాం. డగ్లస్ రెండూ చేసిండు, అదీ తన దొరతోని.