వరద జాడ పట్టిన బ్రెట్జ్

మా వాగు పొంగి తీశాక, చేలో ఇసుక మేట వాలు చూసి నీళ్లు ఎటునుంచి తోసుకొచ్చాయో మా నాన్న చెప్పేస్తాడు. జె. హార్లెన్ బ్రెట్జ్ గురించి చదువుతుంటే నాకు ముందు ఆయనే గుర్తొచ్చాడు.

బ్రెట్జ్ 1882లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టారు. సియాటిల్‌లో హైస్కూలు మేష్టారుగా పనిచేసి, 1913లో చికాగోలో డాక్టరేటు తీసుకున్నారు. 1922 నుంచి వేసవులన్నీ వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు భాగంలో తిరిగారు. నల్లరాతిని చీల్చిన లోయలు, నీళ్లులేని జలపాతాలు, లోయల్లో గుట్టల్లా పడిన గులకరాళ్ల మేటలు! ఇది మామూలు ఏటి పని కాదు, ఒక్క మహావరద చేసిన పని అని 1923లో రాశారు.

1927లో వాషింగ్టన్ నగరంలో జరిగిన సభలో పెద్దలు ఆయన్ను దులిపేశారు. వాళ్లలో చాలామంది ఆ నేల తొక్కినవారే కాదు. అయితే అన్ని నీళ్లు ఎక్కడివంటే బ్రెట్జ్ దగ్గరా సరైన జవాబు లేదు, ఆ మాటా చెప్పాలి. 1940లో జె.టి. పార్డీ అనే శాస్త్రజ్ఞుడు, మోంటానాలో ఉండిన మిస్సౌలా అనే మంచుయుగపు సరస్సు అడుగున ఎత్తైన అలల ముద్రలు చూపించారు. మంచు అడ్డుకట్ట తెగి సరస్సంతా ఒక్కుమ్మడిగా పరుగెత్తిందన్నమాట. 1965లో భూవిజ్ఞానుల బృందం ఆ నేలంతా తిరిగి, ఒప్పుకుంటూ బ్రెట్జ్‌కు టెలిగ్రాం కొట్టింది. 1979లో పెన్‌రోజ్ పతకం వచ్చింది, 1981లో కన్నుమూశారు.

ఒక్క వరద అన్న మాట మాత్రం నిలవలేదు. వాలా వాలా దగ్గర బర్లింగేమ్ కాన్యన్ గోడలో ఒండ్రు పొరలు 40 దాకా లెక్కతేలాయి, పొరకో వరద. ఆ కాన్యన్ కూడా 1926లో సాగు కాలువ నీళ్లు మళ్లిస్తే ఆరు రోజుల్లో కోసుకుపోయిందే. ఈ సంగతి చెబితే మా నాన్న ఆశ్చర్యపోలేదు. ఆ కాలువ కాపలా ఎవరిదని అడిగాడు.