తన్ను వెనుకకు ఉంచుకొనిన సేవకుడు

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో 5 మొదలు 8 వరకు గల వచనములను మనము అనేక పర్యాయములు చదివియున్నాము. పరలోక మహిమ యంతయు తనదై యుండగా మన ప్రభువు దానిని విడిచి, దాసుడై వచ్చి, సిలువ మరణము వరకు తగ్గించుకొనెను. ఆ మనస్సు మనకును ఉండవలెనని అపొస్తలుడు కోరుచున్నాడు. ఇది మనవంటి వారికి సాధ్యమా యని సందేహించుచుందుము. కావున మన తెలుగు సీమలో పాటుపడిన ఒక సేవకుని జీవితమును ఈ నెల తలంచుకొందము.

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1836వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో జన్మించిరి. యౌవనములో భూములు కొలుచు సర్వేయరు పని నేర్చిరి. 1865లో నెల్లూరు చేరి, మరుసటి సంవత్సరము ఒంగోలులో కాపురముండిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో అచ్చట సంఘము ఏర్పడెను.

మొదటనే ఒక పరీక్ష కలిగెను. ఊరిలోని పెద్ద కులములవారు దొరగారిని గౌరవించి తమ పిల్లలను బడికి పంపుచుండిరి. అంతలో పల్లెలనుండి మాదిగలు ప్రభువును నమ్ముకొని వచ్చిరి. వారిని చేర్చుకొనినయెడల తాము దూరమగుదుమని పెద్దలు తెలియజేసిరి. ఏమి చేయుటకును తోచక దొరగారును దొరసానిగారును వేరువేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికిని మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయములో, దేవుడు లోకములో బలహీనులను ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమే కనబడెను. వారు బీదలను చేర్చుకొనిరి. పెద్దల పిల్లలు బడి విడిచిరి. దొరగారికి ఊరిలో గౌరవము తగ్గెను గాని, పల్లెలలో ప్రభువు నామము హెచ్చెను.

1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. అప్పుడు దొరగారు బకింగ్‌హాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. తాము నేర్చిన పాత విద్యయే ఇప్పుడు అక్కరకు వచ్చెను. బోధకులు మేస్త్రీలై పనివారిని కనిపెట్టుచు, పని లేని వేళ వారికి సువార్త చెప్పుచుండిరి.

అనేకులు బాప్తిస్మము అడిగిరి. ఇచ్చినయెడల సంఖ్య పెరుగును, స్వదేశములో పేరు వచ్చును. అయినను కూటికొరకు వచ్చిరను నింద ఆ బీదలమీద పడకుండునట్లు, దొరగారు పదిహేను నెలలు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యనియ్యలేదు. కరవు సహాయము ముగిసిన తరువాత, ఇక ఇచ్చుటకు డబ్బు లేదని తెలిసియు జనులు గుంపులుగా వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. దొరగారు ఒక్కరికైనను తమ చేతితో ఇయ్యలేదు.

1910లో ఆయన అమెరికాలో ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, దీనిని వ్రాయుచు మేమును సిగ్గుపడుచున్నాము. చందాల పట్టికలో మన పేరు వెనుకబడినయెడల మనస్సు నొచ్చుకొందుము. కోతకాలపు పండుగలో ముందు వరుస దొరకనియెడల అలుగుదుము. మనము నేర్పినవాడు మనకంటె బాగుగా ప్రార్థించినయెడల సంతోషింపలేకయున్నాము. చేతికందిన కోతను ఇతరుల చేతికి అప్పగించి గట్టున నిలుచుట గొప్ప త్యాగము. అది క్రీస్తు మనస్సునుండియే కలుగును.

ఈ నెలలో మన సంఘములో ఒక పనిని, మన పేరు ఎవరును ఎరుగకుండ, చేసి చూతము. చూచుచున్న తండ్రికి అది చాలును.