నిస్తంత్రి బాటలో ఆచార్య జగదీశ్ చంద్ర బోసు



మన సంచికలో ఒక మహనీయుని జీవితం వేయడం ఆనవాయితీ. ఈసారి ఆ బాధ్యత నా మీద పడింది. నేను ఎలక్ట్రానిక్స్ చదువుతున్నవాణ్ణి, పైగా కొండపల్లి వాణ్ణి. క్యాంటీనులో మనం 5జి గురించీ, రాబోయే 6జి గురించీ గంటల తరబడి వాదించుకుంటాం గదా! ఆ విద్య అంతా అమెరికాలోనో, కొరియాలోనో పుట్టిందనీ, మనం కొనుక్కొని వాడుకోవలసిన వాళ్ళమేననీ మనలో చాలామందికి ఒక నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే ఆచార్య జగదీశ్ చంద్ర బోసుగారి జీవితం చదవాలి. మొక్కలకు ప్రాణముందని చెప్పిన శాస్త్రజ్ఞుడిగానే ఆయన మన పాఠ్యపుస్తకాలలో కనిపిస్తాడు. నేను వ్రాయబోయేది అంతకు ముందరి బోసుగారిని గురించి.

ఆయన 1858 నవంబరు 30న, నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర బోసు డిప్యూటీ మేజిస్ట్రేటు. అంత హోదా గలవారు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపే రోజులవి. ఆయన మాత్రం కొడుకుని బెంగాలీ బడిలో వేశారు. ముందు మాతృభాష రావాలి, తన జనం తెలియాలి అని ఆయన పట్టుదల. ఆ బడిలో జగదీశ్‌కు ఒకపక్క తండ్రిగారి ముస్లిం జవాను కొడుకు, రెండోపక్క ఒక జాలరి కొడుకు కూర్చునేవారు. వాళ్ళు చెప్పిన పిట్టల కథలూ, చేపల కథలూ విన్నందువల్లే ప్రకృతి మీద ఆసక్తి కలిగిందని ఆయన పెద్దయ్యాక తలచుకునేవారు. తెలుగు మీడియం నుంచి వచ్చామని చిన్నబుచ్చుకునే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

తరువాత కలకత్తా సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఫాదర్ లాఫో ఆయనకు భౌతికశాస్త్రం రుచి చూపించారు. వైద్యం చదవడానికి లండను వెళ్ళి, జబ్బు చేయడంతో అది మానుకుని కేంబ్రిడ్జిలో చేరారు. అక్కడ లార్డ్ రేలీ వంటి ఉద్దండుడు గురువైనాడు. 1884లో పట్టా పుచ్చుకుని, మరుసటి ఏడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడుగా చేరారు.

అక్కడే మొదలైంది పోరాటం. తెల్లవారికిచ్చే జీతంలో భారతీయులకు మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. తాత్కాలికోద్యోగి గనుక బోసుగారికి అందులోనూ సగమే! ఆయన పాఠాలు మానలేదు, జీతం మాత్రం ముట్టలేదు. ఒకటి కాదు, రెండు కాదు, మూడేళ్ళు! ఇంట్లో తండ్రిగారి అప్పులున్న రోజులవి. చివరకు కళాశాలవారే దిగివచ్చి, పాత బకాయితో సహా పూర్తి జీతం చెల్లించారు. ఆ సొమ్ము తండ్రి బాకీలకు పోయింది. ఈ కష్టకాలంలోనే 1887లో ఆయన అబలాదేవిని పెళ్ళాడారు. ఆమె మన పొరుగున మద్రాసులో వైద్యవిద్య చదివి, అనారోగ్యంవల్ల మధ్యలో ఆపవలసి వచ్చిన విదుషి. అనంతర కాలంలో స్త్రీవిద్యకోసం ఎంతో పాటుపడ్డారు.

ఇక అసలు సంగతికి వద్దాం. విద్యుదయస్కాంత తరంగాలుంటాయని మాక్స్‌వెల్ లెక్క కట్టి చెబితే, 1888లో హెర్ట్‌జ్ వాటిని ప్రయోగశాలలో పుట్టించి చూపాడు. 1894లో, తన 36వ పుట్టినరోజున, బోసుగారు ఇక జీవితం పరిశోధనకే అంకితమని నిశ్చయించుకున్నారు. కళాశాలలో పరిశోధనశాల లేదు. దొరికింది ఒక చిన్న గది. ఎన్నడూ అలాంటి పని నేర్వని ఒక రేకుపనివాణ్ణి పెట్టుకుని, తన జేబు డబ్బుతో పరికరాలు తయారు చేయించుకున్నారు. మా కొండపల్లి బొమ్మల కాలనీలో తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండితో అతుకులేసే చేతుల్ని చూసినవాణ్ణి గనుక, ఆ రేకుపనివాడి చేతుల విలువ నేను ఊహించుకోగలను.

హెర్ట్‌జ్ వాడిన అల పొడవు 66 సెంటీమీటర్లు. అంత పొడుగు అలలు వెలుగులాగా వంగుతాయా, ధ్రువణం చెందుతాయా అని పరీక్షించాలంటే పట్టకాలూ కటకాలూ ఇంటంత ఉండాలి. గది చిన్నది! కాబట్టి అలనే పొట్టి చేయాలని బోసుగారు సంకల్పించారు. చేసి చేసి దానిని 5 మిల్లీమీటర్లకు దించారు. అంటే సుమారు 60 గిగాహెర్ట్‌జ్ అన్నమాట. ఆ అలల్ని నడిపించడానికి గొట్టాలు, పోగుచేయడానికి బాకా ఆకారపు గరాటు, వంచడానికి గంధకపు పట్టకం వాడారు. రైల్వే టైంటేబులు పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి దాన్ని ధ్రువణ పరికరంగా మార్చారు. మెలిపెట్టిన జనపనార కట్టలతో కూడా ధ్రువణ ప్రయోగాలు చేశారు. ఆ గొట్టాన్నీ, ఆ గరాటునూ మనం ఇప్పుడు వేవ్‌గైడ్ అనీ, హారన్ యాంటెన్నా అనీ పేర్లు పెట్టి పరీక్షల కోసం బట్టీ పడుతున్నాం!

1895లో కలకత్తా టౌన్‌హాలులో లెఫ్టినెంట్ గవర్నరు ఎదుట ఆయన ఒక ప్రదర్శన ఇచ్చారు. తీగ లేకుండా వెళ్ళిన తరంగం గోడలు దాటి, అవతలి గదిలో గంట మ్రోగించింది, తుపాకిమందు పేల్చింది. 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ఇదే విషయమై ఉపన్యసించారు. 1899లో ఇనుము, పాదరసాలతో ఒక గ్రాహకం చేసి రాయల్ సొసైటీకి వివరించారు. 1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ మీదుగా సంకేతం అందుకున్నప్పుడు వాడినదీ పాదరసపు గ్రాహకమే. దాని మూలం బోసుగారి పరికరమేనని వాదిస్తూ ఒక శాస్త్రీయ వ్యాసం 1998లో వెలువడింది. అయితే మార్కోనీ ధ్యేయం దూరం, బోసుగారి ధ్యేయం తరంగ స్వభావం. ఎవరి ఘనత వారిది.

పేటెంటు కథ కొంచెం బాధ కలిగిస్తుంది. 1901లో ఒక టెలిగ్రాఫు కంపెనీ యజమాని వచ్చి, రహస్యాలన్నీ ఉపన్యాసంలో చెప్పేయవద్దనీ, పేటెంటు తీసుకుంటే లాభంలో వాటా ఇస్తాననీ బ్రతిమాలితే బోసుగారు ఒప్పుకోలేదు. విద్యను అమ్ముకోకూడదని ఆయన నియమం. మిత్రుల బలవంతం మీద గెలీనా స్ఫటికపు గ్రాహకానికి దరఖాస్తు చేశారు. 1904 మార్చి 29న అమెరికా పేటెంటు వచ్చింది. అర్ధవాహక పరికరానికి వచ్చిన తొలి పేటెంటు అదే. ఆయన దానిమీద పైసా గడించలేదు, వదిలేశారు. ఆ తర్వాత మొక్కల పరిశోధన వైపు మళ్ళి, 1917లో తన పుట్టినరోజునే బోసు విజ్ఞాన మందిరం స్థాపించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యులైనారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు.

ఇన్నాళ్ళూ మిల్లీమీటరు అలల్ని లోకం ఎందుకు పట్టించుకోలేదు? అవి దూరం పోవు గనుక. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం సంగతే చూడండి. ఏళ్ళ తరబడి మనం విన్న 837 కిలోహెర్ట్‌జ్ అల పొడవు 358 మీటర్లు. అంత అలకు మా ఖిల్లా కొండలు ఒక అడ్డా? చుట్టి వచ్చేస్తుంది. 5 మిల్లీమీటర్ల అలకో, ఒక గోడ చాలు, ఆకుల గుబురు చాలు, జోరువాన చాలు. పైగా 60 గిగాహెర్ట్‌జ్ దగ్గర గాలిలోని ఆక్సిజనే దాన్ని మింగేస్తుంది.

మరి ఇప్పుడెందుకు దానికోసం పరుగులు? చోటు కోసం. మీడియం వేవు మొత్తం కలిపినా సుమారు 1 మెగాహెర్ట్‌జ్ వెడల్పు. 2022లో మన ప్రభుత్వం వేలం వేసిన 26 గిగాహెర్ట్‌జ్ పట్టీ ఒక్కటే అంతకు ఎన్నో రెట్లు వెడల్పు! అల పొట్టిదైతే యాంటెన్నా కూడా చిన్నదవుతుంది. అరచేతిలో డజన్లకొద్దీ అమర్చి, వెలుగును టార్చిలైటులా తిప్పినట్టు తరంగాన్ని కావలసిన ఫోను వైపు తిప్పవచ్చు. దేశంలో 2022 అక్టోబరు 1న 5జి ఆరంభమైంది. 2023 మార్చిలో ప్రభుత్వం భారత్ 6జి దార్శనిక పత్రం వెలువరించింది. 6జి కోసం 100 గిగాహెర్ట్‌జ్ పైన, అంటే 3 మిల్లీమీటర్లకంటే పొట్టి అలలమీద కూడా పరిశోధన సాగుతోంది. మన తెలుగునేల మీద హైదరాబాదు ఐఐటి వారు ఈ రంగంలో కృషి చేస్తున్నారు. బోసుగారి ప్రయోగాలను 2012లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం ఐఇఇఇ చారిత్రక మైలురాయిగా గుర్తించింది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పనివ్వండి. పేటెంటు వద్దనడం బోసుగారి త్యాగం, దానికి నమస్కరిస్తాను. కానీ నేటి పరిస్థితి వేరు. ఫోను తయారు చేసేవాడు వందలాది పేటెంట్లకు రాయల్టీ కట్టాలి. ఆ పేటెంట్లలో మనవి లేకపోతే ఆ భారం చివరకు మన రైతు, మన కూలీ కొనుక్కునే ఫోను ధరలోకే వచ్చి చేరుతుంది. వ్యక్తి త్యాగం చేయవచ్చు, దేశం తన హక్కు వదులుకోరాదు.

ఇంకో మాట. పరిశోధన అంటే వేగం పెంచడమొక్కటే కాదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కథలు మన పెద్దలు చెబుతూనే ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ మునగడం మన కళ్ళతోనే చూశాం. వరదలో కరెంటు పోయి టవరు బ్యాటరీ అయిపోతే, ఎన్ని జి లున్నా ఫోను మూగబోతుంది. నీళ్ళ మధ్య డాబా మీద చిక్కుకున్న మనిషికి సినిమా డౌన్‌లోడు అక్కరలేదు, ఒక్క కేక వినిపిస్తే చాలు. ఆ కేకను మోసే నెట్‌వర్కు ఎలా ఉండాలో ఆలోచించవలసినది డెల్టాలో బ్రతికే మనమే.

పరికరాల్లేవు, నిధుల్లేవు అనేది మన నిత్య పల్లవి. బోసుగారికీ లేవు. అందుకే యూనియనుకు నాదొక విన్నపం: వచ్చే వానాకాలంలో కొండపల్లి ఖిల్లా దారి నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఫోను సంకేతం ఎక్కడ ఎంత పడిపోతుందో, వానకు ఎంత తగ్గుతుందో మన విద్యార్థులమే కొలిచి పటం గీద్దాం. దానికి మన చేతుల్లోని ఫోన్లూ, ఒక నోటుపుస్తకమూ, కొంచెం ఓపికా చాలు. ఆసక్తిగల మిత్రులు ముందుకు రండి. ఫలితాలు వచ్చే ఏటి సంచికలో అచ్చువేద్దాం.